తాబేలు మిమ్మల్ని అడిగానని చెప్పమంది

మామయ్యకి ఒకటే జబ్బు. చేపల కబుర్లు మనుషులకి మోసుకెళ్తాడు. చుట్టాల క్షేమసమాచారాలు ఇంటింటికీ చేరవేసే పెద్దమనుషులు ఎక్కడైనా ఉంటారు. ఈయన చేరవేసేవి మాత్రం తను చూసుకునే పాత అక్వేరియం తొట్టెల్లోంచి వచ్చినవి.

"రండి రండి! తాబేలు మిమ్మల్ని అడిగానని చెప్పమంది. మొన్న దగ్గుతూ వెళ్ళారట, తగ్గిందా?" అంటూ మేత బక్కెట్టుతో సహా ఎదురెళ్తాడు. వచ్చినవాళ్ళు ముందు తాబేలు వంక చూస్తారు, తర్వాత మామయ్య వంక చూస్తారు, చివరికి టికెట్ల కిటికీలో ఉన్న మేనకోడలి వంక చూస్తారు.

"ఏమ్మా, పెద్దాయనకి ఒంట్లో బాగానే ఉంటుందా?"

"చేపల విషయంలో తప్ప బాగానే ఉంటారండీ" అని మేనకోడలు తల దించుకుని చిల్లర ఇస్తుంది.

తాబేలు ఆరోగ్యాలు అడుగుతుంది. ఆక్టోపస్ నిష్ఠూరాలాడుతుంది. పాములా ఉండే ఈల్ చేప తిండి సంగతి తప్ప మాట్లాడదు. పీత ఎవర్నీ అడగదు. "దానికి పొగరు" అని మామయ్య తేల్చేశాడు.

"ఈల్‌కి నోరు తెరవడం, మూయడం తప్ప ఏమీ రాదు మామయ్యా" అని ఒకసారి మేనకోడలు అంది.

"మీ అత్తయ్యా అంతే. కోపమొస్తే అచ్చం అలాగే నోరు తెరిచి మూసేది. నాకర్థమయ్యేది కాదూ?"

కబుర్లకేం లోటు లేదు గానీ, భవనమే ఇవాళో రేపో అన్నట్టుంది. గోడలు చెమ్మకి పొట్టు పొట్టుగా రాలుతున్నాయి. అద్దాలు ఎంత మసకబారాయంటే, ముసలిది చేపో అద్దమో చెప్పలేం. పంపు గురక పెడుతుంది. అన్నిటికన్నా అన్యాయం తాబేలుది. చిన్నప్పుడు దాన్ని వదిలిన కొలను అలాగే ఉంది, తాబేలు అలాగే ఉండలేదు. పాపం, తిరిగినప్పుడల్లా డిప్ప గోడకి గీసుకుంటుంది. తిన్నగా ఈది ఎన్నేళ్ళయిందో దానికే తెలియాలి.

అందుకని మామయ్య దానికో కొత్త కొలను కట్టేశాడు, సుద్దముక్కతో. వెనక పెరట్లో నేల మీద పెద్ద గుండ్రం గీసి, వాన వెలిసినప్పుడల్లా మళ్ళీ దిద్దుతాడు. ఒకరోజు మేనకోడలు అడ్డంగా నడిచిందో లేదో, "చెప్పులతో నీళ్ళలోకి దిగుతావేంటే!" అని కేకేశాడు. ఆ అమ్మాయి ఉలిక్కిపడి లంగా కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుంది కూడా.

ఇంతలో భవనాన్ని తనిఖీ చెయ్యడానికి ఆఫీసరమ్మ వస్తున్నారని తెలిసింది. ఆవిడ సరేనంటే అక్వేరియం కొత్తదవుతుంది. కాదంటే తాళం పడుతుంది, జీవాలు తలో దూరపు ఊరికీ పోతాయి. అంత దూరం ప్రయాణం ఆ ముసలి తాబేలు తట్టుకోలేదని పశువైద్యుడు ముందే చెప్పాడు.

"మామయ్యా, నీకు దణ్ణం పెడతాను. ఆవిడ ఉన్నంతసేపూ మన తాబేలు ఎవర్నీ అడక్కూడదు. ఆవిడ ఇది పిచ్చివాళ్ళ కొంపనుకుని వెళ్ళిపోతుంది."

"దాని నోరు నేనెలా మూయించను?"

"నీది మూసుకో, చాలు."

ఆఫీసరమ్మ వచ్చింది. గోడ మీద వేలితో తట్టింది. గోడ కొంచెం చేతికొచ్చింది. పంపు గురక వింది. "దీన్ని బాగుచెయ్యడం కన్నా మూసెయ్యడం సులువు" అంది. మామయ్య పెదాలు బిగించి, బక్కెట్టు గుండెకి హత్తుకుని నిలబడ్డాడు.

అప్పుడే మెడలో టేపుతో, రోజూ వచ్చే టైలరు వచ్చాడు. మామయ్య ముందు ఆగాడు. మామయ్య పైకప్పు చూశాడు.

"ఏమండీ, ఇవాళ కబురేం లేదా?"

మామయ్య దగ్గాడు. టైలరు మొహం వాడిపోయింది. "తాబేలుకి... ఏమైనా అయిందా?"

వెనకే వచ్చిన నర్సు ఆ మాట వింది. "ఏమైంది? ఎప్పుడు?" ఆవిడ వెనకున్న రిటైరైన కండక్టరు చివరి మాటే విన్నాడు. తలమీది టోపీ తీసి, "మంచి మనిషి" అన్నాడు.

సరిగ్గా అదే సమయానికి తాబేలు నీళ్ళపైకొచ్చి బుస్సుమని ఊపిరి వదిలింది.

కండక్టరు టోపీ పెట్టుకున్నాడు. "బతికే ఉందిగా! మరి నన్నెందుకు అడగలేదు?" ఆయన గొంతులో నిజంగానే బాధ పలికింది.

మామయ్య ఇక తట్టుకోలేకపోయాడు. "అడిగిందండీ! ముగ్గుర్నీ అడిగింది! ఇదిగో, ఈ పిల్లే చెప్పొద్దంది!"

ముగ్గురూ ఒక్కసారి మేనకోడలి వైపు తిరిగారు. ఆ చూపులకి ఆ అమ్మాయి కుచించుకుపోయింది.

"ఏంటిదంతా?" అంది ఆఫీసరమ్మ.

"నా షాపులో పొద్దస్తమానం మనుషులేనమ్మా" అన్నాడు టైలరు. "కొలతలిస్తారు, వెళ్తారు. నువ్వెలా ఉన్నావని అడిగేది ఈ తాబేలొక్కటే."

ఇంతలో ఒక కుటుంబం, పిల్లాజెల్లాతో బిలబిలమంటూ లోపలికొచ్చింది. మామయ్య పలకరించకుండా పక్కకి తప్పుకుని దారిచ్చాడు. మేనకోడలికి అప్పుడు వెలిగింది. చేపలు అందర్నీ అడగవు. ఒంటరిగా వచ్చినవాళ్ళనే అడుగుతాయి. తను ఏ ఉద్యోగమూ దొరక్క, మొహం వేలాడేసుకుని ఈ ఊళ్ళో దిగినరోజు మామయ్య చెప్పిన మొదటి మాట గుర్తొచ్చింది: "ఈల్ అడిగింది, అన్నం తిన్నావా అని." ఆ నెలలో తను నవ్వింది అప్పుడే.

"మీరే అడగొచ్చుగా?" అంది ఆఫీసరమ్మ మామయ్యతో.

"నేనడిగితే 'బాగానే ఉన్నానండీ' అనేసి వెళ్ళిపోతారమ్మా. తాబేలు దగ్గర మొహమాటం ఏముంటుంది? ఉన్నది చెప్పేస్తారు."

ఆవిడ తాబేలు దగ్గరికెళ్ళి, అది డిప్ప గోడకి గీసుకుంటూ తిరగడం చూసింది. తర్వాత కొత్త కొలను ఎక్కడ కట్టొచ్చో చూపించమంది. పెరట్లో సుద్దగీత కనబడగానే ఆగి, గట్టు వెంబడే చుట్టూ నడిచింది. మామయ్య మేనకోడలిని మోచేత్తో పొడిచాడు: చూశావా, చదువుకున్నావిడ!

"ముందు కొలను కడదాం" అందావిడ. "తర్వాత ఒక్కో తొట్టీ మారుద్దాం. పని జరిగినన్నాళ్ళూ హాలు మాత్రం మూయొద్దు. ప్రతి తొట్టి ముందూ ఒక కుర్చీ కూడా వేయిస్తాను, ఒంటరిగా వచ్చినవాళ్ళు కూర్చోడానికి."

మేనకోడలికి ఆవిడ కాళ్ళ మీద పడాలనిపించింది. మామయ్య మాత్రం గొణిగాడు: "ఒకటేం సరిపోతుందమ్మా? రెండేసి వేయించండి."

"ఒంటరిగా వచ్చేవాళ్ళకి రెండెందుకు?"

"రెండోవాళ్ళు కూడా ఒంటరిగానే వస్తారు కదా!"

ఇప్పుడు తాబేలు కొత్త కొలనులో గోడ తగలకుండా ఈ కొస నుంచి ఆ కొసకి తిన్నగా ఈదుతోంది. దాని ముందు కుర్చీల్లో టైలరూ, కండక్టరూ కూర్చుని, అది ఎడమవైపు తిరిగితే బాగుంటుందా, కుడివైపా అని రోజూ పోట్లాడుకుంటారు. మామయ్య బక్కెట్టుతో వెళ్ళి, గొంతు సవరించుకుని, "తాబేలు మిమ్మల్ని..." అని మొదలుపెడతాడు.

"కాసేపాగండి మహానుభావా, మేం మాట్లాడుకుంటున్నాం!" అని ఇద్దరూ కసురుకుంటారు.

మామయ్య ఆనందంగా అవమానపడి, పీత దగ్గరికి వెళ్ళి కూర్చుంటాడు.