చెప్పులు విడిచే చోటు

తిత్లీ తుపాను వెళ్లిన మరుసటి వేసవిలో నన్ను టెక్కలిలోని ఒక ఉచిత కృత్రిమ అవయవాల కేంద్రానికి సీనియర్ ప్రాస్థటిస్టుగా వేశారు. పోయిన కాలికి కొలత తీసి, కొత్త కాలు చేసి, తొడిగి నడిపించేవాణ్ణి అన్నమాట. డాక్టర్లు మమ్మల్ని వడ్రంగులనుకుంటారు, పేషెంట్లు డాక్టర్లనుకుంటారు. రెండోదాన్ని మేం ఎప్పుడూ ఖండించం.

మా కేంద్రం గుమ్మం మీద 'చెప్పులు బయట విడవండి' అని పెద్ద బోర్డు ఉండేది. నేనూ రోజూ విడిచేవాణ్ణి.

ఆ ఏడు పలాసలో కాళ్ల పంపిణీకి క్యాంపు పెట్టారు. పూండి దగ్గర పల్లె నుంచి రూతమ్మ వచ్చింది. జీడిపప్పు ఫ్యాక్టరీలో పొట్టు తీసే మనిషి. షుగరు పుండు ముదిరి కుడికాలు మోకాలి కింద తీసేశారు. బయట కాలు కొనుక్కోవడం ఆమె తరం కాదు. మేస్త్రీ మాత్రం ఒక మాట ఇచ్చాడట: నెలాఖరులోగా ఎవరి సాయమూ లేకుండా నడిచొస్తే పనిలో ఆమె కూర్చునే పీట ఆమెకే, లేదంటే ఇంకొకరికి.

నేను పద్ధతి ప్రకారమే చేశాను. ముందే ప్లాస్టర్ పట్టీలతో అచ్చు తీసి, సాకెట్, అంటే మిగిలిన కాలు దూరే గిన్నె, తయారు చేసి, దాని కింద గొట్టం, పాదం బిగించాం. ఆఖరిది అలైన్‌మెంట్. మనిషిని నిలబెట్టి, పాదం వంపు సరిచూసి స్క్రూలు బిగించడం. క్యాంపు ఖర్చు భరించిన దాత అందరికీ మడమ ఎత్తున్న నల్లబూట్లు ఇచ్చారు. బూటు లేకపోతే ఫోటోలో కాలు పూర్తయినట్టు కనపడదని మా ఇన్‌ఛార్జి గారి ఆజ్ఞ. బూటు తొడిగే నిలబెట్టాను, బూటు తొడిగే బిగించాను. రూతమ్మ కర్ర లేకుండా వేదిక మీద ఆ చివర నుంచి ఈ చివరకి నడిచింది. మర్నాడు పేపర్లో ఫోటో కూడా వచ్చింది. కాలి కంటే బూటే బాగా పడింది.

పదిరోజులకి ఆమె భర్త భుజం పట్టుకుని టెక్కలి వచ్చింది. ఫ్యాక్టరీలో పడిపోయిందట. నెలాఖరుకి ఇంకో మూడు రోజులే ఉంది. నాకు ఒళ్లు మండింది.

"ఏటమ్మా, ఇచ్చిన కాలు మూల పెట్టీసి, ఇప్పుడొచ్చి పడిపోనానంటే ఎలాగ?" అని గుమ్మం ఇవతల నుంచే కేకలేశాను.

ఆమె బోర్డు కేసి చూసి, గోడ పట్టుకుని రెండు బూట్లూ విప్పి వరసలో పెట్టింది. లోపలికి ఒక్క అడుగు వేసింది. కొత్త కాలు మోకాలిని వెనక్కి తోసేసింది. పట్టుకోకపోతే మా గుమ్మంలోనే వెల్లకిలా పడేది.

"బూటుంటే బాగుంటాదండి బాబూ," అంది. "ఇప్పితే ఎనక్కి తోసేత్తంది. ఫ్యాక్టరీలోకి సెప్పులు రానీరు. సర్చిలోకి ఎయ్యం, ఇంట్లోకి ఎయ్యం. మరి మీరిచ్చిన కాలేసుకుని నానెక్కడికెళ్లాల?"

సిగ్గుతో తల దించుకున్నాను. దించితే కనబడినవి నా వట్టికాళ్లే. మడమ ఎత్తుకి సరిపెట్టిన పాదం, ఆ మడమ తీసేస్తే వెనక్కి వాలుతుంది. మొదటి సంవత్సరం పాఠం అది. కొత్తగా చేరినవాళ్లకి ఏటా నేనే చెప్పేవాణ్ణి.

ఆమెను వట్టికాళ్ల మీద నిలబెట్టి, స్క్రూలు వదులు చేసి, మళ్లీ బిగించాను. అరగంట పని. మూడుసార్లు గుమ్మం దాటించి చూసుకున్నాను. ఇక ఆ బూట్లు వేస్తే ముందుకి తోస్తాయి కాబట్టి మా దగ్గరే వదిలి వెళ్లింది. దాత నొచ్చుకుంటారేమోనని ఇన్‌ఛార్జి గారు రెండు రోజులు తెగ కంగారుపడ్డారు. ఆ రెండో రోజే భర్త ఫోన్ చేసి, పీట దక్కిందని చెప్పాడు.

కొలతల ఫారంలో 'చెప్పులు ఎక్కడెక్కడ విడుస్తారు?' అనే ప్రశ్న చేర్చమని పై ఆఫీసుకి రాశాను. కొత్త ఫారాలు వచ్చాయి. బూటు సైజుకి గడి చేర్చారు. నా ప్రశ్న రిటైరయ్యేదాకా పెన్నుతోనే రాసుకున్నాను. కాలు కొలిచే ముందు అది దాటాల్సిన గుమ్మాలేవో అడగాలి. అందులో మొదటిది మాదే.