సాలమోను గారి తడి తువ్వాలు

మామిడికుదురు సాలమోను గారికి కోపం రావడం ఆలస్యం, పోవడం మరీ ఆలస్యం. 1952లో ఆయన రాజోలు వైపు ఓ హైస్కూల్లో సైన్సుగది అటెండరు. మొలకి వేలాడే ఆ గది తాళంచెవి అంటే ఆయనకి ప్రాణం.

దాన్ని ఊడబెరికింది సైన్సు మాస్టారు సుబ్బరాజు గారు. ఊసరవెల్లి గాలి తిని బతుకుతుందని ఏ కాలంనాటి పుస్తకంలోనో చదివి, గదిలో పెంచుతున్న ఊసరవెల్లికి మేత మాన్పించేరాయన. "మిడతలు వేద్దామండీ" అని సాలమోను గారంటే, "నాకే పాఠం చెబుతావుటోయ్?" అన్నారు. నెల తిరక్కుండా అది చచ్చింది. "వీడే చంపేడండీ" అని హెడ్మాస్టరు గారికి చెప్పేరు. సాలమోను గారిని మంచినీళ్ల కుండ దగ్గరికి మార్చేరు.

పోతూ పోతూ ఆయన చచ్చిన ఊసరవెల్లిని జేబులో వేసుకుపోయేరు. "ఛీ, వంటింట్లోనా!" అని భార్య జయమ్మ గారు అరుస్తూంటే, పీటమీద పెట్టి కోసేరు. పొట్ట ఖాళీ. నోట్లో సన్నటి ఎముక మీద మేజోడులా ముడుచుకున్న నాలిక. లాగితే జానెడు.

"దెబ్బ ఎంత దూరం పోతుందో తెలిసిందే, జయా."

"దెబ్బ ఎవరికండీ?"

"ఉన్నాడులే."

ఎనిమిది నెలలు కాచుకున్నారు. స్కూళ్ల ఇన్‌స్పెక్టరు గారొస్తున్నారని మాస్టారు కొత్త ఊసరవెల్లిని తెప్పించి, మూడురోజులు పస్తుంచేరు. ఆయనొచ్చిన రోజున ఎండ దంచేస్తోంది. సాలమోను గారు వినయంగా తడి తువ్వాలు అందించేరు. తడిపింది పల్చటి బెల్లంపానకంలో. హడావిడిలో మాస్టారు ముఖమంతా తుడిచేసుకున్నారు.

"దీనికి గాలే భోజనమండీ" అంటూ ఊసరవెల్లిని ముఖం దగ్గరగా ఎత్తి చూపిస్తూండగా, ఆయన ముక్కుమీద ఈగ వాలింది. అటొకటి ఇటొకటి చూస్తున్న ఊసరవెల్లి కళ్లు రెండూ ఆ ముక్కుమీదికే తిరిగేయి.

టప్!

మాస్టారు వెనక్కి గెంతి సుద్దముక్కల పెట్టెలో కూలబడ్డారు. ఊసరవెల్లి బల్లమీద దవడలాడిస్తోంది.

"గాలి నవుల్తోందేమిటండీ?" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

"ముందుదానికీ ఓ మిడత పెట్టనిచ్చుంటే బతికేదండి, ఆయ్" అన్నారు కుండ దగ్గర్నించి సాలమోను గారు.

హెడ్మాస్టరు గారు సుబ్బరాజు గారికేసి చూసిన చూపుకి, మర్నాడు మధ్యాహ్నం తాళంచెవి దానంతట అదే నడిచొచ్చింది. తెచ్చింది మాస్టారే; ఇకమీదట ఆ తలుపు సాలమోను గారే తియ్యాలని హెడ్మాస్టరు గారి ఆర్డరు.

"తలుపు తియ్యవోయ్. నా క్యారేజీ లోపలుంది, ఆకలేస్తోంది."

సాలమోను గారు తాళంచెవిని తీరిగ్గా మొలతాడుకి కట్టుకున్నారు.

"ముందు ఊసరవెల్లికి మిడతలు పట్టుకురావాలండి. ఈలోగా తమరికి గాలి తగుల్తోంది కదండీ."

గుమ్మం ముందు గడ్డి నిండా మిడతలే. ఆయన మాత్రం పొలాలవైపు వెళ్లి, రెండు గంటల తర్వాత వచ్చేరు.