రజిత అక్క రాయించిన మొదటి ఆప్షన్

నిన్న పంజాగుట్టలో ఓ జిరాక్స్ షాపు ముందు నిలబడ్డాను. లామినేషన్ మిషన్‌లోంచి వేడెక్కిన ప్లాస్టిక్ వాసన గుప్పున కొట్టింది. అంతే, రెండడుగులు వెనక్కి వేశాను. ఎంసెట్ రాసిన రోజు కూడా నేనంత కంగారు పడలేదు. నా కంగారంతా అమీర్‌పేటలో, బల్కంపేట వైపు పోయే ఓ సందులో, రజిత అక్క నెట్ సెంటర్లో మొదలైంది. మీరెవరూ ఆమెను చూసి ఉండరు. అప్పటికి ముప్పై ఏళ్లుంటాయేమో. మూడు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక లామినేషన్ మిషను, అంతే ఆమె సామ్రాజ్యం. సందులో ఎవరి పిల్లలు ఏ కాలేజీకి దరఖాస్తు పెట్టాలన్నా ఆ మెట్లు ఎక్కాల్సిందే.

ఇంటర్ అయిపోయి, ర్యాంకు చేతికొచ్చి, ఏ కాలేజీలో ఏ బ్రాంచి కావాలో వరుసగా ఆప్షన్లు పెట్టుకునే వారం అది. మెయిన్ రోడ్డెక్కితే చాలు, ప్రతి గోడా జావా నేర్చుకోమనేది. పక్కింటి హాస్టల్ అమ్మాయిలు కంప్యూటర్సే తీసుకోమన్నారు. మా మేనమామ ఫోన్ చేసి ఎలక్ట్రానిక్స్ అన్నాడు. ఎవరి మాట వింటే అదే నిజమనిపించేది. నాకేం కావాలో మాత్రం నాకు తెలిస్తే ఒట్టు! కడుతున్న బిల్డింగుల దగ్గర నిలబడి, ఇనుప చువ్వలు అల్లేవాళ్లను చూస్తూ బస్సు వదిలేసుకున్న రోజులున్నాయి. దాన్ని ఇష్టమంటారో, పనీపాటా లేకపోవడమంటారో చెప్పేవాళ్లు లేరు.

నాన్న ఖైరతాబాద్‌లో ఓ ఆఫీసులో గుమాస్తా. గుంటూరు నుంచి వచ్చిన మనిషి, ఏ పనైనా స్కేలు పెట్టి గీత గీసినట్టు చేస్తారు. పోయినేడాది ఏ కాలేజీలో ఏ ర్యాంకు దాకా సీట్లు వచ్చాయో ఆ జాబితా సంపాదించి, నా ర్యాంకుకు అందనివన్నీ ఎర్ర పెన్నుతో కొట్టేశారు. మిగిలినవాటిలో కంప్యూటర్స్ మాత్రమే ఉంచారు. ఆ కాగితం రజిత అక్క చేతిలో పెట్టి, “ఇదే వరుసలో టైప్ చేసెయ్యమ్మా” అన్నారు.

అక్క కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది. “పెద్ద కాలేజీలు ఒక్కటి సుత ఉంచలేదేంది సార్?”

“మా అమ్మాయి ర్యాంకుకి రావండి. రానివి పైన పెడితే వచ్చేవి కూడా పోతాయి.”

“పోవు సార్. పైనది రాకుంటే కిందిది చూస్తరు, గంతే.” తర్వాత నా వైపు తిరిగింది. “నీకేం గావాలె చెల్లె?”

“తెలీదక్కా” అన్నాను. ఏడుపొక్కటే తక్కువ.

“తెల్వదా? మస్తు మంచిదాయె. ఈడికొచ్చేటోళ్లకు ఎవ్వరికీ తెల్వదు, ఒప్పుకుంటలేరు గంతే.” నాన్నను చాయ్ తాగి రమ్మని పంపి, తెల్ల కాగితం నా ముందు పెట్టింది. “వస్తదా రాదా అని జూడకు. వస్తే ఏడికి పోతవో ఒక్కటి రాయి.”

రెండు పేర్లు రాసి కొట్టేశాను. చివరికి ఊళ్లోనే ఉన్న పాత యూనివర్సిటీ కాలేజీ పేరు, పక్కన సివిల్ అని రాశాను. నా చేత్తో నేనే రాశానా అనిపించింది.

తిరిగొచ్చిన నాన్న అది చూసి అదిరిపడ్డారు. “సివిలేంటమ్మా? ఎండలో నిలబడే పని. ఆడపిల్లవి!”

“నేను సుత ఆడపిల్లనే సార్. పొద్దుగాల ఈ షట్టర్ నేనే లేపుత” అంది అక్క.

నాన్న నవ్వేశారు. “సరే, ఎలాగూ రాదు కదా. దాని ముచ్చట ఎందుకు కాదనాలి, పైన పెట్టెయ్యండి.”

అదే వచ్చింది.

సీటు కాగితం ప్రింటరులోంచి బయటికొస్తుంటే నాన్న జాబితా తీసి మళ్లీ మళ్లీ చూసుకున్నారు. ఆయన చూసింది అబ్బాయిల కాలమ్. అమ్మాయిలకు విడిగా కేటాయించిన సీట్ల చివరి ర్యాంకు పక్క కాలమ్‌లో ఉంది, నాది దానికన్నా మెరుగే. జాబితా మడిచి జేబులో పెట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయారు. నేను మాత్రం భోరుమన్నాను. కంప్యూటర్స్ వచ్చి ఉంటే, రేపు ఏం తేడా వచ్చినా నాన్నను తిట్టుకునేదాన్ని. ఇప్పుడెవరిని తిట్టుకోను?

“అక్కా, ఆ పక్క కాలమ్ నీకు ముందే కనబడిందా?”

“కనబడ్డది. జెప్తే సార్ రాయనిచ్చేటోడా?”

“మరి నాన్నను మోసం చేసినట్టు కాదా?”

ఆమె ముఖం చిన్నబోయింది. “అయితదేమో చెల్లె. నా డిగ్రీ అప్పుడు మా బాపు, నీకు యాడొస్తది అన్నడు. నేను సుత రాదనే అనుకున్న. ఫారమే నింపలే. వచ్చేదో రాకపోవునో, ఇయ్యాల్టికి సుత తెల్వదు నాకు.”

ఆమె చేసింది న్యాయమో కాదో ఇన్నేళ్లయినా తేల్చుకోలేకపోయాను. నాన్న నాలుగు నెలలు నాతో ముభావంగా ఉన్నారు, ఆ నాలుగు నెలలూ నరకం చూశాను. సివిల్ నాకు సరిపోయిందా అని ఎవరైనా అడిగితే ఒక్కో రోజు ఒక్కో జవాబు చెబుతాను. అలవాటు మాత్రం ఒకటి మిగిలిపోయింది. ఉద్యోగమైనా, బదిలీ అయినా, ఏ ఫారం నింపినా, నాకు రాదనుకున్నదే మొదటి వరుసలో రాస్తాను. రాసేటప్పుడు ఇప్పటికీ భయమే, ఒకవేళ వస్తే ఎలా అని.