పన్నెండు సెకన్లు

జ్లాటినా కెహాయోవాకు యాభై నాలుగేళ్ళు. బల్గేరియాలో, ప్లొవ్‌దివ్ నగరంలోని ఒక ఫోన్ కంపెనీలో ఇరవై ఏళ్ళపాటు కొండలెక్కి టవర్లు బాగుచేసింది. మోకాళ్ళు మొరాయించాక ఆమెను పరీక్షల గదిలో కూర్చోబెట్టారు. ఏ కొత్త పరికరం వచ్చినా ఆమె సంతకం పడితేనే గడప దాటేది.

ఆ జూలైలో ఒక కొత్త రూటర్ వచ్చింది. రొడోపి కొండల్లో టవర్ల కింద ఇనుప పెట్టెల్లో ఉంటూ, ఊళ్ళోని ఫోన్లన్నిటినీ పెద్ద నెట్‌వర్కుకు కలపడం దాని పని. ఒక ఫైబర్ తీగ తెగితే రెప్పపాటులో రెండో దారికి మళ్ళాలి. పరీక్షల గదిలోనూ దాన్ని అలాంటి పెట్టెలోనే బిగించారు. మూడు వారాలు అన్ని పరీక్షల్లోనూ నెగ్గింది. ఆఖరి సాయంత్రం ఫైబర్ పీకినప్పుడు మాత్రం, మళ్ళడానికి పన్నెండు సెకన్లు పట్టింది.

మర్నాడు పొద్దున్నే డైరెక్టర్ ఒగ్న్యాన్, రూటర్ అమ్మే కంపెనీ మనిషి కామెన్ వచ్చి ఆమె బల్ల ముందు నిలబడ్డారు.

"ఏదీ, మళ్ళీ చూపించక్కా," అన్నాడు ఒగ్న్యాన్.

ఆమె ఫైబర్ పీకింది. రూటర్ ఇట్టే మళ్ళింది. తొమ్మిదిసార్లు పీకినా అంతే.

కామెన్ నవ్వు దాచుకోలేదు. "నిన్న మీరే ఏదో తీగ తప్పు పెట్టుంటారు మేడమ్."

"నువ్వు బడికెళ్ళే రోజుల నుంచీ పెడుతున్నా నాయనా తీగలు."

"అక్కా, పన్నెండింటికి బోర్డు మీటింగ్," ఒగ్న్యాన్ గొంతు తగ్గించాడు. "ఒక్కసారి జరిగిందని సంతకం ఆపితే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

జ్లాటినాకు పాత సంగతి గుర్తొచ్చింది. ఒక చలికాలంలో కొండమీది పల్లెలో టవర్ మూగబోయినప్పుడు, ఒక ముసలాయన భార్య కోసం అంబులెన్సుకు కలవని ఫోన్ చేస్తూనే ఉండిపోయాడు. తర్వాత ఆ టవర్ బాగుచేయడానికి వెళ్ళింది తనే. ఆయన జ్లాటినాను పల్లెత్తు మాట అనలేదు. వాకిట్లో ఒక్కడే నిలబడి చూశాడంతే.

నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఏమిటి? నిన్న నేల కడగడానికి మనిషి వస్తే, నీళ్ళు చిందుతాయని పెట్టె తలుపు మూసింది. రెండు గంటలు అలాగే ఉంది. ఇవాళ పొద్దుటి నుంచీ తలుపు బార్లా తెరిచే ఉంది.

లేచి తలుపు మూసింది. "రెండు గంటలు ఆగండి."

"అదేం ఓవెనా మేడమ్, బానిత్సా రొట్టె కాల్చడానికి?" అన్నాడు కామెన్.

"జూలైలో కొండమీద అది ఓవెనే."

ముగ్గురూ కూర్చున్నారు. ఎవరూ కాఫీ ముట్టలేదు. ఒగ్న్యాన్ గడియారం చూసుకుంటూనే ఉన్నాడు. పదకొండున్నరకు జ్లాటినా తీగల కోసం వదిలిన సందులోంచి ఫైబర్ పీకింది. బల్లమీది కంప్యూటర్ తెర ఎర్రబడింది. ఒకటి, రెండు, మూడు... నాలుగో సెకనుకు కామెన్ నవ్వు పోయింది. పన్నెండో సెకనుకుగానీ పచ్చరంగు రాలేదు.

ఒగ్న్యాన్ తల పట్టుకున్నాడు. "ఇప్పుడు వాళ్ళకేం చెప్పనక్కా?"

"పనికిరాదని కాదు, ఇంకా సిద్ధంగా లేదని చెప్పు. పద, నేనూ వస్తా."

బోర్డువాళ్ళు గంటసేపు అరిచి, చివరికి కొనుగోలు వాయిదా వేశారు. వేడెక్కితే రూటర్‌లోని ప్రోగ్రామ్ మందగిస్తోందని కామెన్ కంపెనీవాళ్ళే తేల్చారు. సరిదిద్ది అక్టోబరులో మళ్ళీ పంపారు. మూసిన పెట్టెలో వేడిగాలి పెట్టి, పద్నాలుగు రోజులు దాన్ని పీక్కుతిన్నాక జ్లాటినా సంతకం చేసింది.

మొదటి రూటర్‌ను కొండమీద బిగించే రోజున ఆమెను ఎవరూ పిలవలేదు. సెలవు పెట్టి, బస్సెక్కి తనే వెళ్ళింది.