సజ్జ పిండి అవార్డు, మా అక్క రొట్టెలు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, ఆహార రసాయన శాస్త్రంలో చేసిన పనికి నాకు ఒక అవార్డు వచ్చింది. దానికి నేను తగినవాణ్ణే. ఆ విషయంలో ఈ రోజుకీ నాకు అనుమానం లేదు. సజ్జలు పట్టించిన కొద్ది రోజులకే పిండి చేదెక్కుతుంది. గింజలోని నూనెను విడగొట్టే ఒక ఎంజైము దానికి కారణం. పట్టించక ముందే గింజకు ఆవిరి పెట్టి ఆరబెడితే ఆ ఎంజైము పని ఆగిపోతుంది. మా సీమ సజ్జలకు ఎంతసేపు ఆవిరి పెట్టాలో, ఎంత వేడి చాలునో కడపలో మా కాలేజీ ప్రయోగశాలలో తేల్చాను. అందులో ఒక్క అంకె కూడా తప్పు కాదు.

తప్పు రెండో సగంలో ఉంది. ఈ పిండితో చేసిన రొట్టెలు తాజా పిండి రొట్టెలకు ఏమాత్రం తీసిపోవని అవార్డు పత్రంలో రాశారు. ఆ మాట వాళ్లకు ఇచ్చింది నేనే.

రుచి పరీక్ష ఆలూరులో మా అక్క ఇంట్లో పెట్టాను. రోజూ సజ్జ రొట్టె తినే నోళ్లు కావాలి కదా. ఆవిరి పెట్టిన పిండి డబ్బా అక్క చేతికిచ్చి, ఒట్టి రొట్టె మాత్రమే పెట్టమన్నాను.

"ఒట్టి రొట్టె యాడన్నా పెడతారేమిరా? వచ్చినోళ్లు ఏమనుకుంటారు?" అని అక్క కసిరింది. ఉల్లిగడ్డ కారం, పెరుగు కూడా వేసింది.

ఆమె లోపల రొట్టెలు తడుతుంటే నేను వసారాలో కూర్చున్నాను. ఇరుగుపొరుగు ఆడవాళ్లు వచ్చి వరసగా కూర్చుని తిన్నారు. ఎట్లుందని అడిగాను.

"శానా బాగుండాదప్పా. మీ అక్క చెయ్యి పడినాక బాగలేకుండా యాడికి పోతాది?" అంది ఒకామె.

"ఇంగొకటి ఏయిస్తే ఇంగా బాగా చెప్తాం," అంది పక్కనామె. అందరూ నవ్వారు.

ఒక్కరూ బాగలేదనలేదు. అదే రాసుకున్నాను. మా వైపు ఒకరింట్లో తింటూ అన్నానికి వంక పెట్టరు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలిసిన సంగతి అది. ఆ పూట గుర్తు రాలేదని చెప్పుకోవచ్చు. గుర్తు చేసుకోదలచుకోలేదనడం నిజానికి దగ్గర.

అవార్డు వచ్చాక ఆ చుట్టుపక్కల మహిళా సంఘాలు ఆ పిండి చేసి అమ్మడం మొదలుపెట్టాయి. తట్టగానే రొట్టె అంచులు పగిలేవి, పెనం మీదికి ఎత్తబోతే ముక్కలయ్యేవి. నన్ను పిలిచి అడిగారు. నీళ్లు సరిగా కాగకపోతే అట్లాగే అవుతుందని, మా అక్క చేస్తే ఒక్కటీ విరగలేదని మీటింగులో చెప్పాను. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి రొట్టెలు తడుతున్న వాళ్లకు నేను చెప్పిన పాఠం అది.

వాళ్లు నేరుగా మా అక్క దగ్గరికి పోయారు. "వదినా, మీ తమ్ముడు మాకు రొట్టె తట్టేకి రాదంటాండాడు. నువ్వే వచ్చి చూపీ" అన్నారట. అక్క పోలేదు. నాకు ఫోను చేసింది.

"ఆ పొద్దు నీ పిండి తట్టేకి రాలేదురా. విరిగిపోతాంటే ఇంట్లో ఉండే కొత్త పిండి కలిపినా."

"అప్పుడే చెప్పకూడదా అక్కా?"

"అంతమంది ముందరా? నీ పరువు పోదా? అయినా నువ్వు లోపలికొచ్చి అడిగినావా ఏమన్నా?"

తర్వాతి మీటింగులో లేచి నిజం చెప్పాను. చెప్పాననే అనుకున్నాను. పిండిలో మా అక్క కొత్త పిండి కలిపిందని, ఆ సంగతి నాకు తెలియదని అన్నాను. నా ధైర్యానికి చప్పట్లు కొట్టారు. వెనక వరసలో అక్క కూర్చుని ఉంది. బయటికి వచ్చాక నా మొహం చూడకుండా అంది:

"అవార్డు నీకు, కల్తీ పేరు నాకు. బాగా పంచినావులేరా."

అన్నట్టే అయింది. సంతలో ఎవరో ఒకరు "ఏమి వదినా, ఈ పొద్దు ఏమి కలిపినావు?" అని ఎగతాళి చేసేవాళ్లు. ఆమె నవ్వేది. కానీ ఆ తర్వాత ఎవరినీ రొట్టెలకు పిలవలేదు.

అందుకే ఇది రాస్తున్నాను. అక్క కల్తీ చేయలేదు. ఇంటికొచ్చిన వాళ్లకు విరిగిన రొట్టె పెట్టలేదు, అంతే. పరీక్ష నాది. ప్రయోగశాలలో ఒక్క గాజు గొట్టం కూడా ఇంకొకరి చేతికి వదలని నేను, పిండి కలిపేటప్పుడు వసారాలో కూర్చున్నాను. ఎవరూ బాగలేదనలేని ఇంట్లో బాగుందా అని అడిగాను. ఆవిరి పెడితే పిండికి జిగురు తగ్గుతుంది. సంఘాల ఆడవాళ్ల చేతుల్లో ఏ లోపమూ లేదు. పిండి చేదెక్కదన్న మాట మీద నేను నిలబడతాను. రొట్టెల మాట కొట్టేయమని అవార్డు ఇచ్చినవాళ్లకు కూడా చెప్పాను.

ఇది అచ్చుకు పంపే ముందు ఆలూరు పోయి అక్కకు చదివి వినిపించాను. చివరిదాకా విన్నది.

"కారం, పెరుగు ఏసింది రాసినావు కదా?"

"రాసినా అక్కా."

"మేలు. లేకుంటే ఒట్టి రొట్టె పెట్టిందనుకుంటారు" అంటూ లేచి పొయ్యి దగ్గరికి పోయింది. పక్కింటామెను కూడా రొట్టెలకు రమ్మని గోడ మీది నుంచి కేకేసింది. ఈసారి నేనూ వెనకే లోపలికి పోయాను.