తోమని సిక్కాలు

1963 నాటి మాట. నల్లగొండ బజారులో మాది వెండి దుకాణం. మా నాయిన చేతి కింద పని నేర్చుకుని, ఆయన పోయాక గల్లా దగ్గర కూర్చున్నవాణ్ణి. రాయి మీద గీసి టంచ్ చెప్పడంలో, అంటే వెండిలో కలుపు ఎంతుందో తేల్చడంలో, నన్ను మించినవాడు జిల్లాలో లేడని నా నమ్మకం. ఆ నమ్మకానికి గట్టి దెబ్బ తగిలింది ఆ ఏడే. తగిలినందుకు ఇప్పటికీ సంతోషంగానే ఉంది.

అంతకు పదేళ్ల ముందు నుంచే నిజాం కాలపు రూపాయలు, హాలీ సిక్కా అనేవాళ్లం, బజారులో చెల్లకుండా పోతూ వచ్చాయి. ఊళ్లవాళ్లు వాటిని మూటలు కట్టుకుని మా దగ్గరికి తెచ్చేవాళ్లు. మేం తూకం వేసి వెండి ధర కట్టి, మూసలో వేసి కరిగించి, కడియాలూ పట్టగొలుసులూ చేసేవాళ్లం. చార్మినార్ బొమ్మ ఉన్న రూపాయలు ఎన్ని వందలు నా చేతుల మీదుగా నీరైపోయాయో చెప్పలేను.

ఆ మూటలు విప్పించి చూసేవాడు ఒకే ఒక్కడు, పానగల్లు నర్సింహ. చీరలు నేసే మనిషి. నేసిన సరుకు బజారులో ఇచ్చి, తిరిగి పోతూ మా దుకాణంలో చాప మీద కూర్చునేవాడు. నిజాం జమానాలో ఉర్దూ బడిలో నాలుగైదు తరగతులు చదివాడు కాబట్టి సిక్కా మీది సంవత్సరం అంకెలు చదవగలడు. ఒక్కోదాన్ని వెలుతురుకు తిప్పి చూసి ఒకటో రెండో ఏరుకునేవాడు. హారానికి గుచ్చడానికి కొండీ అతికించినది ముట్టుకునేవాడు కాదు. బాగా అరిగినదీ అక్కర్లేదు. మేలైనది దొరికితే వెండి ధర మీద నాకు నాలుగణాలు ఎక్కువే ఇచ్చేవాడు. నాణేనికి నాణెం పెట్టి కొనే పిచ్చోణ్ణి నిన్నే చూశానని నేను నవ్వేవాణ్ణి, నాలుగణాలు మాత్రం గల్లాలో వేసుకునేవాణ్ణి.

అతని భార్య యాదమ్మకు మాత్రం నవ్వు రాలేదు. ఒకరోజు నేరుగా దుకాణానికే వచ్చింది.

"అన్నా, ఆయన మీ దుకాణంకెల్లి వచ్చినప్పుడల్లా జేబుల పైసలుండయి, గీ నల్ల బిళ్లలుంటయి. ఇగ మీరు ఇయ్యకుండ్రి" అంది.

ఇవ్వనని మాటిచ్చాను. మరుసటి వారం నర్సింహ వచ్చి కూర్చుంటే మూట విప్పి ముందు పెట్టాను. వ్యాపారం వ్యాపారమే కదా.

అలా పదేళ్లు గడిచాయి. 1963 ఎండాకాలంలో నర్సింహ ఒక కట్టెపెట్టె చంకలో పెట్టుకుని వచ్చాడు. ముఖంలో నెత్తురు లేదు. అతను కిరాయికి ఉంటున్న ఇంటిని యజమాని అమ్మకానికి పెట్టాడట. నెల రోజుల్లో నర్సింహ కొనుక్కుంటే సరి, లేదంటే ఇంకొకరికి ఇచ్చేస్తాడు. మామూలు కిరాయిదారు అయితే సామాను ఎత్తుకుని ఇంకో ఇంటికి పోతాడు. గుంట మగ్గం వాడు ఎక్కడికి పోతాడు? నేల తవ్వి, అందులో కాళ్లు పెట్టి నేసే మగ్గం అది. ఇల్లు మారితే గుంట పూడ్చాలి, కొత్త ఇంట్లో మళ్లీ తవ్వాలి. నట్టింట్లో గుంట తవ్వనిచ్చే యజమాని వెతికినా దొరకడు. మగ్గం ఆగితే ఆ ఇంట్లో పొయ్యి ఆగినట్టే.

పెట్టె తెరిచాడు. నూట ముప్పైకి పైగా సిక్కాలు, ఒక్కోటి ఒక్కో గుడ్డ పేలికలో చుట్టి ఉన్నాయి. తూకం వేశాను. వెండి ధర ప్రకారం ఇంటి ఖరీదులో ఐదో వంతు కూడా రాలేదు. ఆ మాట ఎలాగో చెప్పాను. అతను సిక్కాలను మళ్లీ పేలికల్లో చుట్టసాగాడు.

పాత నాణేలు సేకరించే పెద్దమనిషి ఒకాయన పట్నంలో ఉన్నాడని మా బావమరిది ఎప్పుడో చెప్పినట్టు గుర్తొచ్చింది. కబురు పంపాం. ఆదివారం వస్తానని జవాబు వచ్చింది. నర్సింహ పెట్టె నా దగ్గరే ఉంచి వెళ్లాడు.

ఆదివారం పొద్దున్నే నాకు ఉపకారబుద్ధి పుట్టింది. పట్నం మనిషికి ఈ నల్లటి బిళ్లలు చూపిస్తే ఏం బాగుంటుంది? చింతపండు పులుసులో నానబెట్టి, కుంకుడు రసంతో బ్రష్ పెట్టి రుద్దడం మొదలుపెట్టాను. మా వృత్తిలో వస్తువును మెరిపించకుండా గిరాకీ చేతికి ఇవ్వడం సిగ్గుచేటు. పది సిక్కాలు అద్దంలా మెరిశాయి. పదకొండోది పులుసులో వేయబోతుంటే నర్సింహ వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు.

"చారీ, ఆగు. గది మురికి గాదు. ఎన్నేండ్లకో పట్టిన రంగు. పోతె మల్ల రాదు."

నాకు రోషం వచ్చింది. వెండి గురించి నాకే చెబుతున్నావా, నీ మగ్గం సంగతి నువ్వు చూసుకో అన్నాను. అతను కోప్పడలేదు. పట్నంలో ఏటా జరిగే నుమాయిష్‌కు, అదే ఎగ్జిబిషన్‌కు, చీరలు తీసుకుపోయినప్పుడు ఒక దుకాణంలో పాత నాణేలు అమ్మడం చూశాడట. మెరిసేవాటి కంటే నల్లబడ్డవాటి ధరే ఎక్కువ ఉందట. ఎందుకని అడిగితే దుకాణదారు విడమరిచి చెప్పాడట. నేను నమ్మలేదు గానీ, సొమ్ము అతనిది కాబట్టి బ్రష్ కింద పెట్టాను.

పది గంటలకు పెద్దమనిషి దిగాడు. తెల్లగడ్డం, చేతిలో భూతద్దం. నా పది సిక్కాలను నేనే గర్వంగా ముందు పెట్టాను. ఒకదాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇవి ఎవరు తోమిండ్రు?" అని అడిగాడు.

నేనే అన్నాను.

"అయ్యో. వీటికి వెండి ధరే ఇస్తా. అంతకు మించి ఇయ్యలేను."

నాకు నర్సింహ వైపు చూసే ధైర్యం లేకపోయింది. అతను మాత్రం నిదానంగా ఒక పేలిక విప్పి, నల్లటి సిక్కా ముందుకు జరిపాడు. తర్వాత రెండోది, మూడోది. పెద్దమనిషి చాప మీద సర్దుకుని కూర్చున్నాడు. సంవత్సరం పక్కన సంవత్సరం పెట్టి వరుస పేర్చుకుంటూ పోయాడు. మధ్యలో ఒకటి భూతద్దం కింద పెట్టి, ఈ ఏటిది ఇరవై ఏళ్లుగా వెతుకుతున్నానన్నాడు. చాయ్ తెప్పిస్తే చల్లారిపోయింది, ముట్టలేదు.

బేరం మొదలయ్యాక నేను ఇంకో నర్సింహను చూశాను. ఏ ఏటిది ఎక్కడా దొరకదో అతనికి తెలుసు. పెద్దమనిషి మొత్తం కలిపి ఒక ధర అంటే, వరుస తెగకుండా ఉన్నదానికి ఒక ధర, విడివాటికి ఒక ధర అన్నాడు. మెత్తగానే అన్నాడు గానీ ఒక్క అడుగు వెనక్కి వేయలేదు. చివరికి నల్ల సిక్కాలు ఒక్కోటి వెండి ధరకు ఆరేడింతలు పలికాయి. ఇరవై ఏళ్లుగా వెతుకుతున్నదాని ధర వినగానే నేను లేచి నిలబడ్డాను. ఇంటి ఖరీదు వచ్చింది, పైన నూలుకు కూడా మిగిలింది. నా దుకాణంలో ఏ రోజూ జరగని బేరం అది. నేను కొన్నట్టూ కాదు, అమ్మినట్టూ కాదు, అయినా ఛాతీ ఉప్పొంగింది.

నేను చెడగొట్టిన పదింటికీ మంచివాటి ధర కట్టి సొమ్ము తీసుకుని పానగల్లు వెళ్లాను. నర్సింహ వద్దే వద్దన్నాడు. యాదమ్మ వచ్చి, న్యాయం ప్రకారం ఇచ్చేది ఎందుకు వద్దంటావని అతన్ని గదమాయించి, నా చేతిలోంచి తీసుకుని కొంగున ముడేసుకుంది. పదేళ్ల నాలుగణాలు ఒక్కరోజులో కక్కించిందని నవ్వుకున్నాను.

రిజిస్ట్రీ అయిన మర్నాడు మళ్లీ వెళ్లాను. మగ్గం మీద నర్సింహ లేడు. గుంటలో దిగి గడ్డపారతో తవ్వుతున్నాడు.

"ఇదేం పని?" అన్నాను.

"ఇంకో జానెడు లోతు జేస్తున్న చారీ. ఇంటాయన లోతుగ తవ్వనియ్యకపోయె. గిన్నేండ్లు మోకాళ్లు ముడుచుకొనే నేసిన."

మట్టి ఎత్తిపోసి, గట్టున కూర్చుని కాళ్లు చాపాడు. పూర్తిగా చాపాడు. యాదమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయింది. నాకూ కళ్లు తడిశాయి, దాచుకోలేదు.

పది సిక్కాలు పోగొట్టుకుని నేను నేర్చుకున్నది ఒక్కటే. తూకమూ టంచూ చూసి వెండి మొత్తం తెలిసిందనుకున్నాను, నా చాప మీద కూర్చున్న నేతమనిషి నాకంటే ఎక్కువ చూశాడు. ఆ రోజు నుంచి ఎవరు మూట తెచ్చినా, తక్కెడ తీసే ముందు ఒక్కో సిక్కానూ వెలుతురుకు తిప్పి చూశాను.