గీత వెనక నిలబడి పిలిచేదాన్ని

మా ఊళ్ళో కబడ్డీకి ఒక పద్ధతి ఉంది. మనవాళ్ళు కూతకు అవతలి జట్టులోకి వెళ్ళినప్పుడు, ఇవతల మన గీత వెనక వాళ్ళింటి మనిషి ఒకరు నిలబడి పిలవాలి. కూతలో ఉన్నవాళ్ళ చూపంతా ఎదుటివాళ్ళ కాళ్ళమీదే ఉంటుంది. ఊపిరి ఎంత మిగిలిందో, గీత ఎంత దూరంలో ఉందో వాళ్ళకు తెలియదు. ఆ సంగతి తెలిపేది వెనక నుంచి వచ్చే గొంతు. “మళ్ళు! మళ్ళు!” అని అరుస్తాం. సాయంత్రం మేకల్ని ఇంటికి తోలేటప్పుడు అనే మాటే అది. టౌన్లలో ఆడేవాళ్ళు దీన్ని చూసి నవ్వుతారు. మా అరవసీమలో, కడంబూరు చుట్టుపక్కల నల్లరేగడి ఊళ్ళలో మాత్రం ఇప్పటికీ ఇలాగే ఆడతారు.

మా అమ్మాయి ఆడినన్నాళ్ళూ ఆ గీత వెనక నిలబడింది నేనే. చిన్నపిల్లగా ఉన్నప్పటినుంచి ఒట్టపిడారంలో, కోవిల్‌పట్టిలో, ఎక్కడ పోటీ జరిగినా వెళ్ళేదాన్ని. పోటీ పోటీకీ దాని పేరు పెరిగింది. అది కూతకు వెళ్తుందంటే అవతలి పిల్లలు ముందే వెనక్కి జరిగేవాళ్ళు. “ఆట కూతురిది, గొంతు తల్లిది” అని మావాళ్ళు అనేవాళ్ళు. ఛీ, అదేం మాట అని పైకి అనేదాన్ని. సాయంత్రం దీపం పెట్టినప్పుడు మాత్రం, స్వామీ, నాకీ గొంతు ఇచ్చినావు, అని దండం పెట్టుకునేదాన్ని.

నేను బడికి పోయినదాన్ని కాదు. మా ఊళ్ళో ఇళ్ళల్లో మాట్లాడేది తెలుగే అయినా చదవగలిగేవాళ్ళు లేరు. మా తాత పట్టుబట్టి ఇంట్లోనే పలకమీద అక్షరాలు దిద్దించాడు. ఏ పూట దొరికినదానికి ఆ పూటే దేవుడికి చెప్పుకోమని నేర్పింది కూడా ఆయనే. వాన పడినా, కోడి గుడ్డు పెట్టినా, బస్సులో కూర్చోను చోటు దొరికినా చెప్పుకోవడం నాకు అలవాటు.

కబడ్డీ వల్లనే మా అమ్మాయికి విరుదునగర్‌లో కాలేజీ సీటు, హాస్టలు దొరికాయి. రెండో ఏడు ఒక సాయంత్రం ఫోన్ చేసింది.

“అమ్మా, కబడ్డీ వదిలేసినా.”

“కాలికి దెబ్బ తగిలినాదా పాపా?”

“దెబ్బ లేదు, ఏమీ లేదు. రగ్బీకి పోతుండా. చెన్నై నుంచి కోచ్ మేడమ్ వచ్చినాది. కబడ్డీ పిల్లలకు మనిషిని పట్టేదానికి బయం ఉండదంట, నన్నే మొదట పిలిచినాది. రెండు నెల్లలో రాష్ట్రం టీముకు ఆళ్ళను ఎంచుతారు.”

“అది ఆడి, ఇది గూడా ఆడకూడదా?”

“కుదరదమ్మా. కోవిల్‌పట్టి సార్‌కాడ చెప్పేసినా. నా చోటుకు వేరే పిల్లను తీసుకునేసినాడు.”

ఆ సార్ మా అమ్మాయికి ఊహ తెలిసినప్పటినుంచి ఆట నేర్పినవాడు. కాణీ తీసుకోలేదు. జిల్లా పోటీలు దగ్గరపడినప్పుడు జట్టుకు పెద్ద కూతగత్తె వెళ్ళిపోతే ఆయనకు ఎలా ఉంటుంది? వారం తర్వాత కోవిల్‌పట్టి సంతలో ఆయన ఎదురుపడ్డాడు. నన్ను చూసి, చూడనట్టు పక్కకు తిరిగి వంకాయలు ఏరుకోవడం మొదలుపెట్టాడు. కొనాల్సినవి కొనకుండానే ఇంటికి వచ్చేశాను.

ఊళ్ళో గుడి ముందర మా అమ్మాయి బొమ్మతో పెద్ద ఫ్లెక్సీ కట్టి ఉండేది, కప్పు పట్టుకుని నవ్వుతున్న బొమ్మ. దాని కింద నుంచి నీళ్ళకు వెళ్ళాలంటే తల ఎత్తబుద్ధయ్యేది కాదు. మా ఆయన అక్క, నాకు వదిన, పక్కింట్లోనే ఉంటుంది. నోరు పెద్దది, మనసు మంచిది. ఆమె ఫోనులో ఎవరో ఆ రగ్బీ ఆట చూపించారు.

“ఏమే, పప్పాళి పండును చంకలో పెట్టుకొని పరిగెత్తేది ఒక ఆటనా?” అన్నది. బొప్పాయిని మా వైపు పప్పాళి అంటారు. “ఆడితే హాకీ ఆడుండాల. కోవిల్‌పట్టిలో హాకీ అంటే పిల్లనిచ్చేదానికి గూడా ఒప్పుకుంటారు. దీనికి ఎవడిస్తాడు?”

“ఇది ఆడపిల్ల వదినా. మనం ఇచ్చేవాళ్ళం.”

“అదే చెప్తుండా. ఎవడు తీసుకుంటాడు?”

రాష్ట్రం జట్టులో చోటు దొరికితే ఈ మాటలన్నీ ఆగుతాయని నేను నమ్మాను. దొరకకపోతే మా అమ్మాయికి ఇటు కబడ్డీ లేదు, అటు రగ్బీ లేదు. ఈ సంగతి దానికి తెలుసు, నాకూ తెలుసు. పైకి అనుకోలేదు, అంతే.

ఎంపిక విరుదునగర్‌లోనే, ఒక ఆదివారం అన్నారు. వేరే జిల్లాల పిల్లలు కూడా వస్తారు, రెండు జట్లు చేసి ఆడిస్తారు. రావద్దు అని అది అనలేదు. వస్తే వానులో ఊరంతటినీ ఎక్కించుకుని రావద్దు అన్నది. నేను వదినకు మాత్రమే చెప్పాను. వదిన ఊరంతటికీ చెప్పింది.

ముందురోజు ఫోనులో ఆట ఎలా ఆడాలో విప్పి చెప్పింది. బంతి పట్టుకుని ఎదుటివాళ్ళ గీత దాటి నేలకు ఆనించాలి. పక్కవాళ్ళకు ఇవ్వాలంటే వెనక్కే విసరాలి, ముందుకు విసరకూడదు. నేను ఒక చేత్తో ఫోను పట్టుకుని ఇంకో చేత్తో పొంగలికి బియ్యం కడుగుతున్నాను. “సరి సరి” అన్నాను. ఆట ఏదైతేనేం, పిల్ల మనదే గదా అన్నట్టు.

కాలేజీ గ్రౌండులో పక్కన పందిరి వేసి కుర్చీలు పెట్టారు. మేము అక్కడ కూర్చోలేదు. మా అమ్మాయి జట్టు గీత ఎక్కడుందో కనుక్కుని, దాని వెనక నేలమీద బారుగా కూర్చున్నాం. ఎప్పుడూ కూర్చునే చోటు అదే కాబట్టి. కాలేజీ పిల్ల ఒకతి వచ్చి, ఆంటీ, అక్కడ నీడ ఉంది రండి అని పిలిచింది. “సుమ్మా, ఊరికే ఉండనీ తల్లీ, మాకు ఇక్కడే బాగుండాది” అన్నది వదిన.

ఆట మొదలైంది. చాలాసేపు ఏం జరుగుతోందో మాకు తెలియలేదు. పిల్లలు ఒకరిమీద ఒకరు పడుతున్నారు, లేస్తున్నారు. మావాళ్ళు పొంగలి పొట్లాలు విప్పారు. ఒకసారి బంతి మా అమ్మాయి చేతికి వచ్చి జారిపోయింది. ఇంకోసారి వచ్చింది, అదీ జారింది. పట్టాల్సిన బంతి అని నాకు తెలియలేదు. దుమ్ములో జారిందనుకున్నాను.

తర్వాత బంతి దాని చేతుల్లో నిలిచింది. ఎదురుగా వచ్చిన పిల్లను భుజంతో తోసింది. ఇంకో పిల్ల నడుముకు చేతులు వేస్తే, కబడ్డీలో చేసినట్టే ఒళ్ళు మెలిపెట్టి జారిపోయింది. దాని ముందర ఇక ఎవరూ లేరు. ఎండలో ఖాళీ నేల, ఆ చివర తెల్లటి గీత. నాకు ఆ గీత కనబడలేదు. ఎదుటివాళ్ళను తాకింది, పట్టు తప్పించుకుంది, కానీ ఇంటికి దూరంగా వెళ్ళిపోతోంది. నాకు కనబడింది అదొక్కటే. నేను లేచి నిలబడ్డానని నాకే తెలియదు.

“మళ్ళు పాపా! మళ్ళు!”

నా వెనకే మావాళ్ళందరూ లేచారు. “మళ్ళు! మళ్ళు!” అని గ్రౌండు అదిరిపోయింది.

అది తిరిగింది. పూర్తిగా కాదు. కుడి పాదం నేలమీద తిరిగింది, భుజం మావైపు మళ్ళింది, మొహం కనబడింది. అంతలోనే తెలిసొచ్చి మళ్ళీ ముందుకు తిరగబోయింది. అప్పటికే వెనక నుంచి ఒక పిల్ల వచ్చి కాళ్ళు చుట్టేసి పడగొట్టింది. బంతి దొర్లిపోయింది. అవతలి జట్టు దాన్ని అందుకుని ఒకరి నుంచి ఒకరికి విసురుకుంటూ వచ్చి, సరిగ్గా మా కళ్ళముందరే, మా గీతమీద నేలకు ఆనించారు.

“పట్టేసినారే, పావం,” అన్నది వదిన. “అయినా బంతి మన గీతకాడికి వచ్చేసినాది గదా! పాయింటు మనకే!” చప్పట్లు కొట్టింది. మావాళ్ళూ కొట్టారు. ఒకతె ఈల కూడా వేసింది.

పందిరి కింద ఉన్నవాళ్ళు నవ్వారు. ఇందాకటి కాలేజీ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వచ్చి అరవంలో చెప్పింది. “ఆంటీ, అటు పోవాల. ఇటు గాదు. అవతలి గీత దాటుంటే మనకు పాయింట్లు.”

వదిన చప్పట్లు మధ్యలో ఆగిపోయాయి. నేను కూర్చున్నాను. కొంగు నెత్తిమీదికి లాక్కున్నాను. నా తల్లిదండ్రులు పోయినప్పుడు కూడా భూమిలోకి పోదామని అనిపించలేదు నాకు. అప్పుడు అనిపించింది.

ఆట అయ్యాక కోచ్ మేడమ్ అందర్నీ నిలబెట్టి పేర్లు పిలిచింది. పిలిచిన పిల్లలు ఒక్కొక్కరే వెళ్ళి అటుపక్క నిలబడుతున్నారు. మా అమ్మాయి పేరు పిలవలేదు. అది రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, పిలిచిన ప్రతి పిల్లకూ చప్పట్లు కొట్టాల్సి వచ్చినప్పుడల్లా చేతులు విప్పి కొట్టి మళ్ళీ కట్టుకుంది.

నేను అక్కడితో ఊరుకుని ఉంటే బాగుండేది. అరవడం నోరు జారి చేసింది. తర్వాత చేసింది బాగా ఆలోచించి చేసింది. పిల్లలు నీళ్ళు తాగడానికి వెళ్ళగానే నేను లేచి, చీర దులుపుకుని, నేరుగా ఆ మేడమ్ దగ్గరికి నడిచాను. నాకు వచ్చిన అరవంలో మొత్తం చెప్పాను. తప్పు నాది, పిల్లది కాదు, నేను పిలిచినందువల్లే తిరిగింది, ఇంకొక్కసారి చూడండమ్మా, నేను రోడ్డుమీద ఉంటాను, లోపలికి రాను అని. చేతులు జోడించాను కూడా.

ఆమె చిన్న వయసుది. ఓపికగా విన్నది. “మీ అరుపు వినబడిందమ్మా,” అన్నది. “నేను చూసింది అది కాదు. ఎడమవైపు నుంచి వచ్చే బంతి మీ అమ్మాయి చేతుల్లో నిలవడం లేదు. ఈ రోజే కాదు, నేర్చుకుంటున్నప్పుడూ అంతే. మీరు రాకపోయినా ఈసారి తీసుకునేదాన్ని కాదు. గట్టి పిల్ల. నేర్చుకుంటుంది.”

ఈ మాట వింటే నాకు తేలిగ్గా అనిపించాలి గదా? అనిపించలేదు. నావల్ల పోయిందంటే ఒక బాధ. నావల్ల కానే కాదంటే, ఏమని చెప్పను, నన్ను పక్కన పెట్టేసినట్టు అనిపించింది. అలా అనిపించిందని తెలిసి ఇంకా సిగ్గేసింది.

తిరిగి చూస్తే మా అమ్మాయి కుళాయి దగ్గర నిలబడి మమ్మల్నే చూస్తోంది. వచ్చింది. చుట్టూ ఉన్న కాలేజీవాళ్ళకు అర్థం కాకూడదని తెలుగులో, గొంతు తగ్గించి అడిగింది.

“ఏమి చెప్పినావు ఆమెకాడ?”

“నిజమే చెప్పినా పాపా. నేను పిలిచినందుకే నువ్వు…”

“నా కాలు తిరిగినాది. నీ గొంతు వచ్చి తిప్పినాదా?”

“తప్పు నాది గదా.”

“గెలిస్తే నీ గొంతు. ఓడితే నీ గొంతు. మరి నేనేడ ఉండానమ్మా?” కళ్ళు ఎర్రబడ్డాయి, ఏడవలేదు. “ఇప్పుడు ఆమె ఏమనుకుంటాది? ఓడిపోయి అమ్మను పంపించినాది అనుకోదా? రేపొద్దున నేను ఆమె ముందర ఎట్ల నిలబడాల?”

నేను దాని భుజంమీద దుమ్ము దులపబోయాను. అది వెనక్కి జరిగి, “పోండి, పొద్దుపోతాది. అత్తకు ఆకలేస్తుంటాది,” అని హాస్టలువైపు వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ మావాళ్ళందరి దగ్గరా ఆగి, పెద్దవాళ్ళ చేతులు పట్టుకుని పలకరించింది. నా దగ్గర ఆగలేదు.

గెలిస్తే విరుదునగర్‌లో నూనెలో వేయించిన పరోటా తిందామని వానులో వచ్చేటప్పుడు అనుకున్నాం. ఇప్పుడు ఎవరూ ఆ మాట ఎత్తలేదు. వదినే వాను ఆపించింది. “ఓడితే ఆకలి కాదా? దిగండి,” అన్నది. ఆమె తిన్నది. తింటూ నాకేసి చూసి, “మేము గూడా అరిచినాము గదే. ఈ అసింగం, ఈ తలవంపు, నీ ఒక్కదానిదే అనుకుంటుండావా? మాకు గూడా కొంచెం ఇయ్యి,” అన్నది. నేను నవ్వలేకపోయాను గాని, ఆ మాటకు ఆమెకు ఋణపడి ఉన్నాను.

ఇంటికి వచ్చి దీపం పెట్టాను. ఏమని చెప్పుకోవాలో తెలియలేదు. క్షేమంగా వచ్చాం, అని మొదలుపెట్టాను. ఇన్నేళ్ళూ నేను దండం పెట్టింది దాని ఆటకా, నా గొంతుకా? దేవుడికి ఎప్పుడో తెలిసి ఉంటుంది. ఆయన ముందర కూర్చోవడానికి కూడా సిగ్గేసింది. దీపం కొండెక్కకముందే లేచి వెళ్ళాను. అంతకుముందు ఎప్పుడూ అలా లేవలేదు.

నెల్లాళ్ళు అది ఫోనులో వాళ్ళ నాయనతోనే మాట్లాడింది. నేను ఇవ్వమని అడగలేదు. ఆయన ఫోను పెట్టేశాక చెప్పేవాడు, పొద్దున్నే లేచి గోడకు బంతి కొట్టి ఎడమచేతివైపు పట్టడం నేర్చుకుంటోందంట, వేళ్ళు వాచినాయంట అని. వేళ్ళకు పసుపు పట్టు వెయ్యమని చెప్పాలనిపించేది. చెప్పలేదు.

పోయిన వారం ఇంటికి వచ్చింది. తిన్నది, పడుకున్నది, వదినతో పోట్లాడింది. వేళ్ళు నిజంగానే లావుగా ఉన్నాయి. నేను చూస్తున్నానని తెలిసీ చేతులు దాచుకోలేదు. మధురైలో మళ్ళీ ఎంపిక ఉందని అన్నం తింటూ చెప్పింది. ఎప్పుడని మా ఆయన అడిగాడు. నేను మజ్జిగ పోస్తున్నాను, పోస్తూనే ఉన్నాను.

బస్సు దగ్గరికి దాని సంచీ నేనే మోసుకెళ్ళాను. మెట్టెక్కేముందు నా చేతిలోంచి తీసుకుంది.

“మధురైకి నేను రానులే పాపా,” అన్నాను.

“నేను రావద్దన్నానా?”

“అనలేదు.”

“మరి?”

“నువ్వు పిలిస్తే వస్తా.”

అది నా మొహంలోకి చూసింది. కండక్టరు ఈల వేశాడు. ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, సంచీ ఒళ్ళో పెట్టుకుంది. పిలుస్తానని అనలేదు. పిలవనని కూడా అనలేదు. బస్సు కదిలేదాకా నేను నోరు మూసుకుని నిలబడ్డాను.